300 ఎంబీపీఎస్ లైను, మేడ మీద గదిలో 20: వైఫై వేగం ఎక్కడ పోతోంది?

#1 మెట్లగది

ఫైబర్ లైను, ప్లాన్ 300 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు). రౌటర్ కింద హాల్లో, టీవీ వెనక ఉంది. హాల్లో ఫోన్‌కి 180 నుంచి 210 దాకా వస్తోంది. మేడ మీద గదిలో అదే ఫోన్‌కి 18, 20, మహా అయితే 25. ల్యాప్‌టాప్ మేడ మీద 15 దగ్గర ఉంటుంది, రౌటర్ పక్కకి తెచ్చి పెట్టినా 45 దాటదు. మధ్యలో ఒక స్లాబు, రెండు ఇటుక గోడలు. రౌటర్ వైఫై 5 రకం, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు. సిగ్నల్‌ని అందుకుని మళ్ళీ పంచే రిపీటర్ పెడితే సరిపోతుందా, రౌటరే మార్చాలా?

#2 రాగితీగ

ఇప్పుడే ఏదీ కొనకండి. నెట్ మీ చేతికి అందేలోపు మూడు మజిలీలు దాటాలి. లైను రౌటర్ దాకా రావడం, రౌటర్ నుంచి గాల్లో గది దాకా రావడం, వచ్చినదాన్ని పరికరం అందుకోవడం. మీరు ఇచ్చిన అంకెలు చూస్తే రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. ఫోన్‌ది ఒకటి, ల్యాప్‌టాప్‌ది ఇంకొకటి. రెంటికీ ఒకే మందు వేస్తే ఒకటి కూడా తగ్గదు.

ముందు మొదటి మజిలీ తేల్చండి. క్యాట్ 5ఇ గానీ క్యాట్ 6 గానీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని రౌటర్ ల్యాన్ పోర్టుకి కలపండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, వీపీఎన్ ఉంటే తీసేయండి, ఇంట్లో మిగతా పరికరాల్లో డౌన్‌లోడ్లు ఏవీ నడవకుండా చూడండి. మూడుసార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. పగలు ఒకసారి, రాత్రి జనమంతా నెట్ మీద ఉండే వేళ మరోసారి.

280 నుంచి 300 వస్తే లైనులో లోపం లేదు, మిగతాదంతా ఇంట్లోనే. కచ్చితంగా 93, 94 దగ్గర ఆగిపోతే అది లైను తప్పు కాదు, మధ్యలో ఏదో ఒక కనెక్షన్ 100 ఎంబీపీఎస్ లింకుకి పడిపోయింది. రౌటర్ పోర్టే 10/100 రకం అయ్యుండొచ్చు, లేదా కేబుల్లో ఒక జత తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కి నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు కాబట్టి, మిగతా రెంటిలో ఒక జత తెగినా నెట్ ఆగదు, మెల్లగా వస్తుంది. అందుకే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు.

ఇంకో మాట. డౌన్‌లోడ్ చేసే ప్రోగ్రాములు చాలావరకు మెగాబైట్లలో చూపిస్తాయి. ఎనిమిది మెగాబిట్లు ఒక మెగాబైటు కాబట్టి 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 37.5 మెగాబైట్లు. 35 చూపిస్తుంటే మీ లైను నిండుగా వస్తున్నట్టే.

#3 పింగుపిట్ట

కేబుల్ పరీక్షతో పాటు లింక్ రేటు (రౌటరూ పరికరమూ గాల్లో మాట్లాడుకునే వేగం) కూడా చూసి ఇక్కడ పెట్టండి. స్పీడ్ టెస్ట్ ఫలితం చెబుతుంది, లింక్ రేటు కారణం చెబుతుంది.

విండోస్‌లో వైఫై ప్రాపర్టీస్ పేజీ తెరిస్తే ప్రోటోకాల్, బ్యాండ్, చానెల్, లింక్ స్పీడ్ నాలుగూ కనిపిస్తాయి. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద క్లిక్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో కలిసివున్న నెట్‌వర్క్ వివరాల్లో ఉంటుంది. సిగ్నల్ బలం డీబీఎంలలో (మైనస్ అంకె, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) చూడాలంటే ఏదైనా వైఫై అనలైజర్ యాప్ చాలు. గీతలు చూసి లెక్క కట్టకండి, ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా గీస్తుంది.

లింక్ రేటు అంకెలు గుర్తుంటే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది:

72 ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, ఒకే యాంటెన్నా, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు.
144 ఉంటే అదే, రెండు యాంటెన్నాలతో.
400 ఉంటే వైఫై 5, రెండు యాంటెన్నాలు, 40 మెగాహెర్ట్జ్.
866 ఉంటే వైఫై 5, రెండు యాంటెన్నాలు, 80 మెగాహెర్ట్జ్.
1201 ఉంటే అదే వెడల్పులో వైఫై 6.
54 దగ్గర ఆగితే భద్రత సెట్టింగు పాత టీకేఐపీ అనే ఎన్‌క్రిప్షన్ మీద ఉంది, లేదా డబ్ల్యూఎంఎం (ఏ డేటా ముందు వెళ్ళాలో చూసే సెట్టింగు) ఆపేసి ఉంది. వైఫై 4 (802.11 ఎన్), ఆ తర్వాతి వేగాలన్నీ కొత్త ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్ ఉంటేనే, డబ్ల్యూఎంఎం నడుస్తుంటేనే పనిచేస్తాయి.

ఇవి గాల్లో మాట్లాడుకునే వేగాలు. చేతికి వచ్చేది ఇందులో సగం నుంచి మూడింట రెండొంతుల లోపే. వైఫైలో ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. పంపిన ప్రతిదానికీ అందిందన్న జవాబు రావాలి, మధ్యలో కొంత విరామం ఉండాలి. ఆ ఖర్చు ఏ రౌటర్‌కైనా తప్పదు.

#4 మెట్లగది

కేబుల్‌తో మూడుసార్లూ 291, 292, 290. ల్యాప్‌టాప్: 802.11 ఎన్, 2.4 గిగాహెర్ట్జ్, చానెల్ 3, లింక్ 72. ఫోన్ హాల్లో: 5 గిగాహెర్ట్జ్, లింక్ 400, సిగ్నల్ -52. ఫోన్ మేడ మీద: 2.4 గిగాహెర్ట్జ్, లింక్ 52, సిగ్నల్ -75. 5 గిగాహెర్ట్జ్ అక్కడ -86, ఒక్కోసారి అసలు కనిపించదు.

#5 రాగితీగ

చక్కగా పెట్టారు. లైను బాగుంది. మిగిలినవి మూడు:

హాల్లో ఫోన్ 400 మీద ఉందంటే 5 గిగాహెర్ట్జ్ చానెల్ వెడల్పు 40కి కట్టేసి ఉంది. రౌటర్ పేజీలో దాన్ని 80 చేస్తే లింక్ 866 అవుతుంది, హాల్లో మీ 290 పూర్తిగా వస్తుంది. ఇది రెండు నిమిషాల పని.

ల్యాప్‌టాప్ కార్డు 2.4 మాత్రమే పట్టే ఒంటి యాంటెన్నా రకం. 72 లింకు మీద 45 రావడం అంటే దాని శక్తి మొత్తం అదే. ప్రపంచంలో ఏ రౌటర్ తెచ్చినా ఆ కార్డుతో అంతకు మించి రాదు.

మేడ మీద సిగ్నలే చేరడం లేదు. అక్కడ సెట్టింగులతో పని జరగదు.

#6 గాలిపటం

చానెల్ 3 మంచిదే కదా? చుట్టుపక్కల అందరూ 1, 6, 11లో ఉంటే 3 ఖాళీగా ఉంటుంది.

#7 ఆరోచానెల్

ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. 2.4లో చానెల్ అంకెలు 5 మెగాహెర్ట్జ్ ఎడంతో వేసిన గుర్తులు మాత్రమే. చానెల్ 1 నడుమ 2412 మెగాహెర్ట్జ్, 6 నడుమ 2437, 11 నడుమ 2462. ఒక్కో ప్రసారం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఆక్రమిస్తుంది. కాబట్టి 3లో కూర్చుంటే ఇటు 1 మీదా అటు 6 మీదా కాళ్ళు చాపినట్టే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకే చానెల్‌లో ఉన్న రెండు రౌటర్లకి ఒకదాని మాట ఇంకొకదానికి అర్థమవుతుంది. అవతలిది మాట్లాడుతుంటే ఇది ఆగుతుంది, తర్వాత తన వంతు తీసుకుంటుంది. వేగం పంచుకున్నా మాట చెడదు. సగం అతివ్యాప్తి ఉన్న చానెల్‌లో అయితే అవతలి మాట అర్థం కాదు, వట్టి రొదలా వినిపిస్తుంది. ఇది మాట్లాడేస్తుంది, ప్యాకెట్ (పంపే డేటా ముక్క) చెడిపోతుంది, మళ్ళీ పంపాలి, మళ్ళీ పంపడానికి లింక్ రేటు తగ్గించుకోవాలి. 3లో ఉన్నవాడు తాను నష్టపోవడమే కాదు, 1లోనూ 6లోనూ ఉన్న ఇళ్ళన్నిటినీ చెడగొడతాడు. అందుకే 1, 6, 11లలో ఒకటి. అనలైజర్‌లో ఎన్ని రౌటర్లు ఉన్నాయో కాదు, ఎంత బలంగా వినిపిస్తున్నాయో చూడండి. -85 దగ్గర ఉన్న ఐదు రౌటర్ల కన్నా -50 దగ్గర ఉన్న పక్కింటి రౌటర్ ఒక్కటే ఎక్కువ బాధ పెడుతుంది.

2.4లో వెడల్పు 20 మాత్రమే పెట్టండి. 40 పెడితే ఉన్న మూడు దారుల్లో రెంటిని మీరొక్కరే ఆక్రమించినట్టు. పొరుగు రౌటర్లు కనిపిస్తే చాలా రౌటర్లు మళ్ళీ 20కే దిగిపోతాయి కూడా.

5లో ఈ బెడద తక్కువ. 36 నుంచి 48 దాకా ఒక 80 మెగాహెర్ట్జ్ గుంపు, 149 నుంచి 161 దాకా ఇంకొకటి. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లతో పంచుకునే చానెళ్ళు. వాటిలోకి వెళ్ళేముందు రౌటర్ కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి, రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. రీస్టార్ట్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు నిమిషం దాకా కనిపించకపోతే కారణం ఇదే, రౌటర్ చెడిపోలేదు. ఇళ్ళు కిక్కిరిసిన చోట ఈ చానెళ్ళే ప్రశాంతంగా ఉంటాయి. అయితే కొన్ని టీవీలు, పాత ఫోన్లు వాటిని అసలు చూడలేవు. అది ముందే పరీక్షించుకోండి. ఏ చానెళ్ళు వాడొచ్చన్నది ఏ దేశానికా దేశం నిబంధన, రౌటర్‌లో దేశం సరిగ్గా ఎంచి ఉండాలి.

#8 తుంపరతెర

డీఎన్‌ఎస్ మారిస్తే కూడా వేగం పెరుగుతుందని చాలాచోట్ల రాస్తున్నారు. అదీ చూడొచ్చేమో.

#9 పింగుపిట్ట

డీఎన్‌ఎస్ పేరుని చిరునామాగా మార్చి తప్పుకుంటుంది, ఆ తర్వాత వచ్చే డేటాతో దానికి సంబంధం లేదు. నెమ్మది డీఎన్‌ఎస్ అయితే పేజీ తెరుచుకోవడం మొదలయ్యేలోపు కాస్త ఆలస్యమవుతుంది. దాన్ని మార్చినంత మాత్రాన 20 ఎంబీపీఎస్ 200 అయిపోదు.

#10 అటకమీద

రౌటర్ చోటు గురించి ఎవరూ చెప్పలేదు. ఖర్చు లేని పని ఇది, ముందు చేయాల్సిందీ ఇదే.

టీవీ వెనక అంటే వెనక లోహపు రేకు ఉన్న పెద్ద పలక వెనక. సిగ్నల్ ఒకవైపు మొత్తం మూసుకుపోయినట్టే. అక్కడి నుంచి తీసి మనిషి ఎత్తుకి కాస్త అటూ ఇటూగా, చుట్టూ అడుగున్నర ఖాళీ ఉండేలా పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, నీళ్ళ తొట్టి పక్కన వద్దు. అద్దం వెనక పూత లోహమే, నీళ్ళు 2.4నీ 5నీ రెంటినీ పీల్చేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అది నడిచే రెండు నిమిషాలూ 2.4 కుంటుతుంది, 5కి ఏమీ కాదు.

యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టూ పక్కలకి పరుచుకుంటుంది, నెత్తి మీదికీ కాళ్ళ కిందికీ తక్కువ పోతుంది. గారెలా అనుకోండి, యాంటెన్నా దాని చిల్లులో నిలబడ్డ పుల్ల. మేడ మీదికి కావాలంటే ఒక యాంటెన్నా నిలువుగా ఉంచి, ఇంకొకటి అడ్డంగా వంచండి. గది సరిగ్గా పైన ఉంటే కొంత తేడా తెలుస్తుంది. కానీ మొత్తం భారం దీని మీద వేయకండి. స్లాబులో కడ్డీల వల ఉంటుంది, కాంక్రీటు ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ దాన్ని దాటేసరికి చాలా నీరసించిపోతుంది. మెట్ల దారి నుంచి పైకి వెళ్ళే సిగ్నలే తరచుగా బలంగా ఉంటుంది. రౌటర్ మెట్ల మొదట్లో పెట్టి ఒకసారి కొలవండి.

ఒక్కో మార్పు చేసి, ఒకే ఫోన్‌తో, ఒకే చోట నిలబడి డీబీఎం రాసుకోండి. ప్రతి 3 డీబీ తగ్గినప్పుడల్లా శక్తి సగమవుతుంది. -67 కన్నా బలంగా ఉంటే వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, -75 దాటితే వేగం పడిపోతుంది, -85 అంటే కలిసినా పని జరగదు.

#11 గాలిపటం

రౌటర్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ పెంచితే?

#12 అటకమీద

పెంచితే ఫోన్‌కి రౌటర్ మాట వినిపిస్తుంది, రౌటర్‌కి ఫోన్ మాట వినిపించదు. అందిన ప్రతి ప్యాకెట్‌కీ ఫోన్ జవాబు చెప్పాలి కదా, ఆ జవాబు చేరకపోతే డౌన్‌లోడ్ కూడా ఆగుతుంది. ఫోన్ యాంటెన్నా చిన్నది, బ్యాటరీ చిన్నది. గీతలు నిండుగా కనిపించి నెట్ రాని ఇళ్ళలో చాలాసార్లు ఇదే.

#13 రాగితీగ

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం, మేడ మీద గదికి.

రిపీటర్ గురించి ముందు. ఒకే రేడియోతో అందుకుని అదే చానెల్ మీద తిరిగి పంపే రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నీ గాల్లో రెండుసార్లు తిప్పుతుంది. వేగం సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. జనం చేసే పెద్ద తప్పు ఇంకొకటి: సిగ్నల్ రాని గదిలోనే రిపీటర్ పెట్టడం. అక్కడ దానికి అందేది -80 అయితే అది పంచేదీ ఆ -80 లింకులో వచ్చిందే. ఫోన్‌లో నిండు గీతలు కనిపిస్తాయి, వేగం మాత్రం ఉండదు. పెట్టక తప్పకపోతే సగం దారిలో, రౌటర్ సిగ్నల్ -60, -65 ఉన్న చోట పెట్టాలి. ఇల్లంతా ఒకే వైఫైని కలిసి పంచే మెష్ పెట్టెలకీ ఇదే సూత్రం. మూడు రేడియోలున్న మెష్‌లో ఒకటి పెట్టెల మధ్య మాటలకే కేటాయిస్తారు కాబట్టి నష్టం తక్కువ.

అన్నిటికన్నా మంచిది మేడ మీదికి ఒక కేబుల్, దాని చివర ఒక యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే పెట్టె. మూలన పడున్న పాత రౌటర్ అయినా సరే, డ్యూయల్ బ్యాండ్ అయి, గిగాబిట్ పోర్టులుంటే చాలు. వరుస ఇది:

పాత రౌటర్‌ని రీసెట్ చేసి, ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో కలిపి దాని పేజీ తెరవండి. యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అదే ఎంచండి, మిగతాది అది చూసుకుంటుంది. లేకపోతే దాని చిరునామా మార్చండి. మొదటి రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. తర్వాత దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపేయండి. ఈ రెండూ అయ్యాకే కేబుల్ కలపాలి. కింది రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి పై రౌటర్ ల్యాన్ పోర్టుకి. ఆ మోడ్ లేని రౌటర్‌లో వ్యాన్ పోర్టు (బయటి లైను కలిపేది) వాడకండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే సగం పరికరాలకి బయటికి దారి చూపే గేట్‌వే చిరునామా తప్పుగా పడుతుంది, వైఫై కలుస్తుంది గానీ నెట్ రాదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం మూడూ కింది రౌటర్‌వే పెట్టండి. చానెళ్ళు మాత్రం వేరు. కింద 1, పైన 11. కింద 36, పైన 149.

కేబుల్ మాట. ఈథర్నెట్ 100 మీటర్ల దాకా పోతుంది, ఇంట్లో దూరం సమస్య కాదు. సమస్య తీగ నాణ్యత. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చాలా అమ్ముతారు. తీగ కొస గీరి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు. వంగినచోట విరుగుతుంది, నిరోధం ఎక్కువ. పూర్తి రాగి క్యాట్ 6 తీసుకోండి. ఎండ తగిలే గోడ మీదుగా వెళితే బయట వాడే నల్ల తొడుగు రకం. కరెంటు వైర్లున్న పైపులో దూర్చకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. కొసల్లో రంగుల వరుస రెండువైపులా ఒకటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. నీలం జత నడుమ నాలుగు, ఐదు స్థానాల్లో, ఆకుపచ్చ జత దాని చుట్టూ మూడు, ఆరులో. ఆకుపచ్చ రెంటినీ పక్కపక్కనే వేసేస్తే టెస్టర్ దీపాలు వరుసగానే వెలుగుతాయి, వేగం మాత్రం రాదు. పురి విప్పడం 13 మిల్లీమీటర్లు దాటనీయకండి. వేశాక రెండు కొసల్లోనూ లింకు 1000 చూపిస్తేనే పని అయినట్టు.

#14 తుంపరతెర

గోడకి చిల్లు పెట్టలేని అద్దె ఇల్లయితే?

#15 రాగితీగ

టీవీ కోసం గోడల్లో పాత కోయాక్స్ కేబుల్ ఉంటే, దాని మీదుగా నెట్ పంపే మోకా అడాప్టర్లు రెండు. అది కేబుల్ వేసినంత పని చేస్తుంది. కరెంటు తీగల మీదుగా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు చివరి దారి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాలి. రెండూ ఒకే ఫేజ్ మీద ఉంటే మేలు. పెట్టె మీద రాసిన వేగంలో కొద్ది భాగమే వస్తుంది. అవీ కుదరకపోతే మూడు రేడియోల మెష్, రెండో పెట్టె మెట్ల మలుపులో.

#16 పింగుపిట్ట

ల్యాప్‌టాప్ కార్డు గురించి. అడుగు మూత తీసి చూడండి, ఎం.2 2230 సైజు కార్డు, ఒక స్క్రూ, దాని మీద సన్నని యాంటెన్నా తీగలు ఉంటే మార్చుకోవచ్చు. ఇంటెల్ ఏఎక్స్210 లాంటి మామూలు పీసీఐఈ రకం తీసుకోండి. పేరులో చిన్న తేడాతో కనిపించే ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం సగం పని ప్రాసెసర్ వైపు వదిలేసే సీఎన్‌వీఐ రకం, దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ లేని మెషీన్‌లో పనిచేయవు. ఇక్కడే చాలామంది తప్పు కార్డు తెచ్చుకుంటారు.

ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. యాంటెన్నా కొసలు పక్కకి లాగకుండా నిలువుగా పైకి ఎత్తాలి, పెట్టేటప్పుడు సూటిగా ఆన్చి నొక్కాలి. చాలా సున్నితంగా ఉంటాయి. పాత కార్డు ఒంటి యాంటెన్నాది కాబట్టి లోపల తీగ కూడా ఒకటే ఉందేమో ముందే చూడండి. ఒకటే ఉంటే రెండోది అమర్చుకోవాలి, లేకపోతే వేగం సగమే. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (మెషీన్‌ని మొదలుపెట్టే లోపలి ప్రోగ్రాం) తన జాబితాలో లేని కార్డుని ఒప్పుకోదు, అదీ కనుక్కోండి.

విప్పడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ 3 వైఫై అడాప్టర్. దాన్ని పోర్టులో నేరుగా గుచ్చకుండా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో కాస్త ఎడంగా పెట్టండి. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తుంది. రౌటర్ వెనక యూఎస్‌బీ 3 డిస్క్ తగిలించిన ఇళ్ళలో 2.4 మందగించడానికి కూడా ఇదే కారణం.

#17 మెట్లగది

రౌటర్ మెట్ల మొదటికి మార్చాక, వెడల్పు 80, చానెల్ 1 పెట్టాక: హాల్లో లింక్ 866, టెస్ట్ 288. రౌటర్ చోటు మార్చడంతోనే మేడ మీద సిగ్నల్ -75 నుంచి -69కి వచ్చింది, 42 వస్తోంది. తర్వాత కేబుల్ వేసి పాత డ్యూయల్ బ్యాండ్ రౌటర్ పైన పెడితే గదిలో 5 గిగాహెర్ట్జ్ -48, టెస్ట్ 285. రెండు చిక్కులు మిగిలాయి. కింద నుంచి పైకి వెళ్ళినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని ఉంటోంది. ఇంకొకటి, పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతుంటే వీడియో కాల్ తడబడుతోంది.

#18 ఆరోచానెల్

ఏ రౌటర్‌కి మారాలో నిర్ణయించేది ఫోనే, రౌటర్ కాదు. ఐఫోన్లు -70 దాకా దిగితే గానీ కొత్తదాన్ని వెతకవు. మీ కింది రౌటర్ మేడ మీద 2.4లో -69 ఇస్తోంది, అంటే ఫోన్ దృష్టిలో అది ఇంకా పనికొచ్చే సిగ్నలే. కింది రౌటర్ 2.4 పవర్‌ని మధ్యస్థానికో తక్కువకో దించండి. రౌటర్‌ని మెట్ల నుంచి మళ్ళీ హాలు మధ్యకి జరపండి, పైన ఇంకోటి వచ్చాక మెట్ల దగ్గర ఉండే అవసరం తీరింది. పవర్ తగ్గించాక కింది గదుల మూలల్లో -65 కన్నా పడిపోకుండా చూసుకోండి. ఫోన్‌కి పక్క రౌటర్ గురించి చెప్పి మారడానికి సాయపడే 802.11 కే, వీ రెండు రౌటర్లలోనూ ఉంటే ఆన్ చేయండి.

#19 పింగుపిట్ట

కాల్ తడబడటం వేగం లేక కాదు. అప్‌లోడ్ నిండగానే ప్యాకెట్లు రౌటర్ వరుసలో పేరుకుపోయి కాల్ ప్యాకెట్ వాటి వెనక నిలబడుతోంది. ఫైల్ వెళ్తుండగా ఒక పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్ళి రావడానికి పట్టే సమయం కొలిచేది) నడిపి చూడండి. 10 మిల్లీసెకన్లు ఉన్నది వందల్లోకి ఎగిరితే ఇదే. రౌటర్‌లో ఆ వరుసని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం ఉంటే, అందులో (రౌటర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అయితే) కేక్ అనే పద్ధతి ఎంచి, కొలిచిన వేగంలో 90 శాతం రాయండి: డౌన్‌లోడ్‌కి 260, అప్‌లోడ్‌కి మీ కొలతలో అదే నిష్పత్తి. పింగ్ కుదురుగా ఉంటే కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. దీన్ని ఆన్ చేయగానే రౌటర్ హార్డ్‌వేర్ సాయం వదిలేసి ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసర్‌తో చూస్తుంది. చిన్న ప్రాసెసర్ అయితే 260 మోయలేదు. ఆన్ చేశాక కేబుల్ మీదే మళ్ళీ కొలవండి. వేగం బాగా పడిపోతే డౌన్‌లోడ్‌కి తీసేసి అప్‌లోడ్‌కి మాత్రం ఉంచండి, తడబాటు పుట్టేది అక్కడే.